కట్టుడు పళ్ళు, ఉరుముల పెట్టె

ఆ వీధిలో అందరూ ఆయన్ని పళ్ళాయన అనేవారు. అసలు పేరు పోస్టుమానుకి తెలిసుండాలి. అతను కూడా కవరు మీద పేరు చదివి, "పళ్ళాయనకి ఏదో వచ్చింది" అంటూ గుమ్మంలో పడేసి పోయేవాడు. పళ్ళాయన పని కట్టుడు పళ్ళు చెయ్యడం. డాక్టర్లు నోళ్ళ అచ్చులు తీసి పంపితే, వాటిలో సుద్ద పోసి, మైనం పెట్టి, పన్ను పక్కన పన్ను పేర్చి, చిగుళ్ళ రంగు దిద్ది సెట్టు తయారుచేసేవాడు. ఆయన సెట్టు ఒకసారి చిగుళ్ళకి పట్టిందంటే ఇక ఊడదని పేరు. ఒక ముసలాయన తుమ్మితే కళ్ళజోడు వీధి దాటి ఎదురింటి పూలకుండీలో పడిందట, పళ్ళు మాత్రం కదల్లేదట. ఆ కళ్ళజోడు వెతికిపెట్టింది తామేనని చెప్పుకునేవాళ్ళు వీధిలో సగం మంది ఉండేవారు. మిగతా సగం ఆ పూలకుండీ తమదనేవారు.

ఆయన ఆస్తి అంతా ఆ పేరే. "పళ్ళాయన పట్టు" అంటే పట్టే.

ఆయన ఉండేది మామగారు కట్టించిన ఇంట్లో సగం. పొడుగాటి హాలుకి మధ్యలో ఒంటి ఇటుక గోడ లేపి, ఒక సగం కూతురికి, ఒక సగం కొడుక్కి రాసి మామగారు కన్నుమూశారు. ఆ గోడ ఎంత పల్చనంటే, ఇటు తుమ్మితే అటునుంచి తువ్వాలు అందించవచ్చు. ఇవతలి సగంలో, ఆ గోడవారగానే, పళ్ళాయన పనిబల్ల. బల్ల పక్క మూలన, గోడకి కొట్టిన చెక్క అరలో, పూర్తయిన సెట్లు వరసగా కూర్చుని ఉండేవి. అవతలి సగంలో బావమరిది.

బావమరిది డ్రైవింగ్ స్కూలు నడిపేవాడు. నేర్చుకునేవాళ్ళ పక్క సీట్లో కూర్చుంటే అతని కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉండేది. పొద్దస్తమానం ఆ బ్రేకు తొక్కీ తొక్కీ ఇంటికొచ్చేసరికి, బ్రేకు అన్నదే లేని కార్లని చూడాలనిపించేది. అందుకని రోజూ సాయంత్రం కార్లు వంతెనల మీంచి దూకే సినిమాలు పెట్టేవాడు. అంతవరకు ఎవరికీ బాధ లేదు. ఒకరోజు లావు శబ్దాల కోసం విడిగా పెట్టుకునే సబ్ వూఫర్ అనే పెట్టె, చిన్న బీరువాలాంటిది ఒకటి కొనుక్కొచ్చాడు. దాని ముందు వైపు గుండ్రటి కన్నం, పిల్లి దూరేంత. పాట సంగతి దానికి తెలియదు. ఉరమడం తెలుసు.

మొదటి సాయంత్రం పళ్ళాయన ఒక పన్నుకి మెరుగు పెడుతుండగా, అరలోని సెట్లన్నీ చలిజ్వరం వచ్చినట్టు పళ్ళు టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

లోపలినుంచి భార్య తొంగిచూసింది. "ఎవరితో మాట్లాడుతున్నారు?"

"నేను కాదు. పెద్ద టీచరమ్మ పళ్ళు, రిటైరైన జడ్జిగారి పళ్ళు ఏదో తేల్చుకుంటున్నాయి."

ఆవిడ నవ్వి మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. ఇంట్లోనే బట్టలు కుట్టేది ఆవిడ. పళ్ళాయన కూడా నవ్వాడు. ఆ నవ్వు వారం కూడా ఉండలేదు. ఒక సినిమాలో పెట్రోలు లారీ ఏదో పేలినప్పుడు, పెద్ద టీచరమ్మ పై సెట్టు జడ్జిగారి సెట్టుని నెట్టుకుంటూ అర అంచుకి నడిచొచ్చి కింద పడి, అంగిట్లో నిలువునా చీలింది.

మర్నాడే బడి వార్షికోత్సవం. టీచరమ్మ ఆ బడిలో మూడు తరాలకి ఎక్కాలు నేర్పిన మనిషి. ఆ రోజు ఆవిడకి సన్మానం. వేదిక మీద నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, మాట్లాడాల్సిందంతా చేత్తోనే ఊపి కూర్చుంది. కిందికి దిగాక పళ్ళాయనతో మెల్లగా, "నీ పట్టు గురించి ఎంతో విన్నాను నాయనా," అంది. తిట్టినా బాగుండేది.

పళ్ళాయన నేరుగా బావమరిది ఇంటికి వెళ్ళాడు. అక్కడ హాలు నిండా స్నేహితులు, సినిమా నడుస్తోంది. చీలిన సెట్టు అరచేతిలో పెట్టి చూపించాడు.

"ఒరే, నీ పెట్టె చేసిన నిర్వాకం చూడు."

బావమరిది సెట్టుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "బావా, నీ పళ్ళు పట్టు తప్పితే నా పెట్టెదా తప్పు? పళ్ళన్నాక నోట్లో ఉండాలి గాని, గోడెక్కి కూర్చుంటే ఏమవుతాయి మరి?"

హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వినవాడికి ముందు పళ్ళు నాలుగూ పళ్ళాయన కట్టినవే. తను కట్టిన పళ్ళతో తనని చూసి నవ్వాడే అన్నది పళ్ళాయనకి పంటి కింద రాయిలా అక్కడే ఇరుక్కుపోయింది.

రెండు రోజులు తిరక్కుండా ఆ మాట వీధి చివరిదాకా వెళ్ళొచ్చింది. "పట్టు తప్పిన పళ్ళాయన" అని పాలవాడు కూడా అన్నాడు. ఒక డాక్టరు, మామూలుగా ఆయనకే పంపే అచ్చుల్ని వేరే ఊరు పంపించాడు. పళ్ళాయన ఆ రోజు పనిబల్ల దగ్గర కూర్చుని చాలాసేపు సొంత పళ్ళు నూరాడు.

"ఏం ఆలోచిస్తున్నారు?" అంది భార్య.

"మీ తమ్ముడు వాడి కుర్చీలో వాడు కూర్చోలేకుండా చెయ్యాలి. వాడిదానికంటే పెద్ద పెట్టె కొంటాను. ఇటునుంచి నేనొక్కసారి ఉరిమితే అటు వాడు కుర్చీతో సహా వీధిలో పడాలి."

ఆవిడ సూదిలో దారం ఎక్కించడం పూర్తిచేసింది. "మీరూ వాడూ ఏం చేసుకుంటారో నాకనవసరం. కానీ ఈ గుమ్మం దాటి ఏ పెట్టె లోపలికొచ్చినా, ముందు అందులో నా పాట సరిగ్గా పలకాలి. వాడిదానిలా గోనెసంచీ దులిపినట్టుంటే మాత్రం, మీరూ పెట్టే ఇద్దరూ వసారాలోనే."

ఆవిడ పాట ఒక పాత పాట. పాడే గొంతు కింద, లావుపాటి తీగ ఒకటి మెల్లమెల్లగా అడుగులేసుకుంటూ నడిచేది. ఇంట్లో ఉన్న రెండు చిన్న స్పీకర్లలో ఆ పాట వచ్చిందంటే ఆవిడ మిషను ఆపేసేది. బావమరిది పెట్టె వచ్చిన దగ్గర్నుంచి ఆ తీగ అడుగులు గోడ అవతలి ఉరుముల కింద పడి వినిపించడం లేదు. ఆవిడ ఆ మాట పైకి అనలేదు గాని, తమ్ముడికి కుట్టి పంపే చొక్కాలకి గుండీలు కొంచెం వదులుగా కుట్టడం మొదలుపెట్టింది.

మొగుడూ పెళ్ళాలిద్దరూ సౌండు షాపుకి వెళ్ళారు. ఆ షాపాయన సన్నగా, తొందర లేని మనిషి. మాట మాటకీ మధ్య ఒక టీ తాగేంత సందు వదిలేవాడు.

"మీ గది ఎంత ఉంటుంది సార్?"

"నా గది సంగతి తర్వాత. గోడ అవతలి గది కొలతలు చెప్తాను, రాసుకోండి," అన్నాడు పళ్ళాయన.

షాపాయన ఆయన్ని చూశాడు, ఆవిడ్ని చూశాడు. ఆవిడ కళ్ళతోనే, కానివ్వండి అంది.

ముందు గొట్టం ఉన్న పెద్ద పెట్టె వినిపించాడు. ముందు వైపు కన్నం, బావమరిదిదానిలాగే. సినిమా పెట్టగానే వంతెన కూలింది. పళ్ళాయన చొక్కా గుండీలు వాటంతటవే ఊగాయి. "ఇదే. కట్టెయ్యండి," అన్నాడు.

"నా పాట పెట్టండి," అంది ఆవిడ.

పాట పెట్టారు. తీగ మీటడం అయిపోయాక కూడా మోత మిగిలిపోతోంది. తర్వాతి అడుగు పడేలోపు ముందటిది తప్పుకోవడం లేదు.

"సెలవు తీసుకున్న చుట్టం గుమ్మంలో నిలబడి ఇంకో గంట మాట్లాడినట్టుంది. వద్దు," అంది ఆవిడ.

షాపాయనకి ముచ్చటేసింది. "సరిగ్గా అదేనమ్మా. ఈ గొట్టంలోంచి గాలి ఊది శబ్దాన్ని పెంచుతుంది. సినిమాకి బలం. పాటకి ఆ గాలి ఆగదు." రెండోది మూసిన పెట్టె, కన్నం లేదు. అందులో తీగ ఒక్కో అడుగూ పిలిస్తే వచ్చి, పొమ్మంటే పోయింది. ఆవిడ కళ్ళు మూసుకుంది. అదే పెట్టెలో వంతెన కూలితే, పక్కగదిలో పీట పడినట్టు వినిపించింది.

"ఈ పీటతో నేనెవడి మీద పగ తీర్చుకోను?" అన్నాడు పళ్ళాయన.

"వాట్లు ఎక్కువున్నది ఏదైనా..." అని మళ్ళీ తనే అన్నాడు.

"అట్ట మీద వాట్లు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు సార్. పెట్టె మీ గదికి సరిపోవాలి. చిన్న గదిలో మరీ పెద్దది పెడితే అది వాయించదు, గదే వాయిస్తుంది. ఇంకోటి. మీ స్పీకర్లు లావు శబ్దాన్ని ఎక్కడ వదిలేస్తే ఇది అక్కడ అందుకునేలా వెనక ఈ మర తిప్పి సరిచూసుకోవాలి. ఎక్కువైతే ఉన్నట్టు తెలిసిపోతుంది. మంచి సబ్ వూఫర్ ఉన్నట్టు తెలియకూడదు. తీసేస్తేనే తెలియాలి."

పళ్ళాయన మొదటిసారి అతన్ని గౌరవంగా చూశాడు. "మా కట్టుడు పళ్ళకీ అంతే."

మూడోది మధ్యరకం. గొట్టం ఉంది, దానికి బిరడాలాంటి స్పాంజి మూత కూడా ఉంది. మూత బిగిస్తే మూసిన పెట్టె, పాటకి. మూత లాగేస్తే గొట్టం పెట్టె, సినిమాకి. ఆవిడ పాట పలికింది, ఆయన వంతెనా కూలింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకే వస్తువుని ఇష్టపడడం వాళ్ళ పెళ్ళయ్యాక అదే మొదలు.

వచ్చేముందు షాపాయన ఒక కిటుకు చెప్పాడు. పెట్టెని ఎక్కడ పెట్టాలన్నది కంటితో చూసి తేల్చలేం. ముందు పెట్టెని మీరు కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టండి. లావు శబ్దమున్న పాట వెయ్యండి. మీరు చంటిపిల్లాడిలా పాకుతూ గోడల వెంట తిరగండి. చెవికి ఎక్కడ బాగా వినిపిస్తే పెట్టెని అక్కడ పెట్టండి. అప్పుడు మీరు కుర్చీలో కూర్చుంటే అంతే బాగా వినిపిస్తుంది.

 ఇంటికొస్తూ వీధి మలుపులో పళ్ళాయన, "అంటే, ఎవడి కుర్చీలో పెట్టి పాకితే వాడికి తగుల్తుందన్నమాట," అన్నాడు.

"ఎవడికి?" అంది ఆవిడ, తెలిసే.

ఆదివారం పొద్దున బావమరిది శిష్యుల్ని తీసుకుని ఊరి బయటి రోడ్డుకి వెళ్ళాడు. అతని ఇంటి తాళంచెవి ఒకటి ఎప్పుడూ అక్క దగ్గర మేకుకి వేలాడుతూ ఉండేది. పళ్ళాయన ఆ తాళంచెవి తీసుకుని, కొత్త పెట్టెని చంకనెత్తుకుని, గుమ్మంలో భార్యకి దొరికిపోయాడు.

"వాడి హాల్లో ఎలా పలుకుతుందో చూద్దామని," అన్నాడు.

"చూడండి. కుర్చీకి టీ మరక ముందునుంచీ ఉంది. అది మన నెత్తిన పడకుండా చూసుకోండి."

బావమరిది కుర్చీలో పెట్టెని కూర్చోబెట్టి, దాని మూత తీసి, పాట తగిలించి, గట్టిగా పెట్టి, పళ్ళాయన ఇటు పరుగెత్తుకొచ్చాడు. మోకాళ్ళ కింద తువ్వాలు మడిచి పెట్టుకుని, ఒక చెవి నేలకి ఆనించి, ఒంటి ఇటుక గోడ వెంట పాకడం మొదలుపెట్టాడు. ఒకచోట ఏమీ లేదు. రెండు జానలు ముందుకెళితే గుండెల్లో డోలు. ఇంకాస్త వెళితే మళ్ళీ నిశ్శబ్దం. శబ్దం కూడా బావమరిది లాంటిదే, ఉన్నచోట ఉండదు.

భార్య కాసేపు చూసింది. "ఏం పోగొట్టుకున్నారు?"

"పరువు."

"దొరికిందా?"

"ఈ మూలనే ఉన్నట్టుంది, జరుగు."

మూలకి వచ్చేసరికి నిజంగానే దొరికింది. అక్కడ నేల పులి గుర్రు పెట్టినట్టు వణుకుతోంది. అంటే తన పెట్టెని సరిగ్గా ఇక్కడ పెట్టి ఉరిమిస్తే బావమరిది కుర్చీ కింద పిడుగు పడుతుందన్నమాట. పళ్ళాయన మొహం వెలిగిపోయింది. ఆనందంతో తల పైకెత్తి చూస్తే, తల మీద అర.

అరలో సెట్లన్నీ పై వరసా కింది వరసా కొట్టుకుంటూ ఆయన్ని చూసి పకపకా నవ్వుతున్నాయి. ఆయన చూస్తుండగానే, మళ్ళీ కొత్తగా చేసిన పెద్ద టీచరమ్మ సెట్టు అంచుదాకా నడిచొచ్చి, ఒక్క క్షణం ఆలోచించి, దూకేసింది. వచ్చి ఆయన మెడ మీద పడింది. కరిచిందని ఆయన చివరిదాకా చెప్పేవాడు. మచ్చ చూపించమంటే మాత్రం చొక్కా కాలరు సవరించుకునేవాడు.

సెట్టుకి దెబ్బ తగల్లేదు. కానీ పళ్ళాయన అక్కడే చతికిలబడ్డాడు. ఇక్కడినుంచి ఉరిమిస్తే ముందు రాలేవి తన పళ్ళే. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నవాడి కథ చిన్నప్పుడు వాళ్ళమ్మ చెప్పింది. అప్పుడాయన ఎలుక పక్షం.

అర మార్చుకోవచ్చుగా అని అడుగుతారు. మార్చుకోవచ్చు. కానీ ఉరుముకి ఉరుము జవాబిస్తే, ఎవడి పెట్టె పెద్దదన్నదే తేలుతుంది. పట్టు తప్పిందన్న మాట అలాగే ఉండిపోతుంది. తనని కొట్టింది శబ్దం కాదు, ఆ మాట.

పెట్టెని వెనక్కి తెచ్చుకుందామని బావమరిది హాల్లోకి వెళ్ళాడు. కొత్త పెట్టెని కుర్చీలోంచి దించుతుంటే, మూలనున్న పాత ఉరుముల పెట్టె కంటపడింది. పగటి వెలుగులో దాన్ని సరిగ్గా చూడడం అదే మొదలు. ముందు వైపు గుండ్రంగా తెరుచుకున్న కన్నం. అంచులు మెత్తగా లోపలికి వంపు తిరిగి ఉన్నాయి. లోపల చీకటి. ఒక్క పన్ను లేదు.

పళ్ళాయన ఆ వయసు నోళ్ళని చాలా చూశాడు.

"అయ్యో పాపం," అన్నాడు పైకే. "బోసి నోటితో అరుస్తున్నావా ఇన్నాళ్ళూ?"

మళ్ళీ ఇంటికి పరుగెత్తి, అచ్చు తీసే పొడి, గిన్నె, గరిటె తెచ్చుకున్నాడు. ఉరుముల పెట్టెని వెల్లకిలా పడుకోబెట్టాడు. పిండి లోపలికి జారిపోకుండా గొంతులో కాగితపు ఉండ కూరాడు. పొడి నీళ్ళలో కలిపి, ముద్దగా నోరంతా నింపాడు. అలవాటు కొద్దీ, "ముక్కుతో గాలి పీల్చుకో, కదలకు," అన్నాడు. గట్టిపడ్డాక అచ్చు ఊడదీసి, కాగితం లాగి, పెట్టె మూతి తువ్వాలుతో తుడిచి, యథాప్రకారం నిలబెట్టాడు. తాళం వేసి, తాళంచెవి మేకుకి తగిలించేశాడు.

ఆ వారమంతా ఆయన పనిబల్ల దగ్గర ఈల వేస్తూనే ఉన్నాడు. సుద్ద పోశాడు, మైనం దిద్దాడు. చిగుళ్ళ రంగులో గుండ్రటి మూత ఒకటి చేశాడు. దాని చుట్టూ మెత్తటి రబ్బరు అంచు కట్టాడు. లోపలికి తోస్తే ఆ అంచు మడుచుకుంటుంది, బయటికి లాగితే విచ్చుకుని పట్టుకుంటుంది. మూత ముఖం మీద పై వరస, కింది వరస పళ్ళు పేర్చాడు, ఇకిలించినట్టు. పై వరసలో నడిమి పళ్ళ మధ్య ఒక సందు వదిలాడు. బావమరిదికి అక్కడే, అంతే సందు ఉంది.

భార్య దాన్ని చేతిలోకి తీసుకుని చూసింది. నవ్వు ఆపుకోవడానికి కాస్త కష్టపడింది. "ఈ సందు మా నాన్నగారిదండీ. వాడికి అక్కణ్ణుంచే వచ్చింది."

"ఆయన్నేమీ అనడం లేదు. ఆయన పెట్టె కొనలేదు."

శనివారం సాయంత్రం బావమరిది హాల్లో మళ్ళీ ఆ స్నేహితులే. పళ్ళాయన కాగితంలో చుట్టిన పొట్లంతో వెళ్ళాడు. బావమరిది లేచి నిలబడ్డాడు.

"కూర్చోరా. గొడవకి రాలేదు. నీ పెట్టె బోసి నోరేసుకుని రోజూ అరుస్తుంటే చూడలేకపోయాను. ఊళ్ళో అందరికీ కడతాను, సొంత బావమరిది పెట్టెకి కట్టకపోతే నలుగురూ ఏమనుకుంటారు?"

పొట్లం విప్పి, ఎవరికీ అర్థమయ్యేలోపు, కన్నంలో పెట్టి అరచేత్తో ఒక్క నొక్కు నొక్కాడు. టప్ మని కూర్చుంది. ఉరుముల పెట్టె హాలులో అందర్నీ చూసి సందుపళ్ళతో ఇకిలించింది. ఒకడు పెట్టెని చూశాడు, బావమరిదిని చూశాడు, మళ్ళీ పెట్టెని చూశాడు. ఇక హాలు ఆగలేదు. ముందు పళ్ళు నాలుగూ కట్టించుకున్నవాడు నవ్వలేక నేల మీద కూర్చున్నాడు.

తెర మీద కారు వంతెన మీంచి పడింది. పరుపు మీద దిండు పడ్డట్టు వినిపించింది.

బావమరిది మొహం ఎర్రబడింది. రెండు చేతులా పట్టుకుని లాగాడు. రాలేదు. "తియ్యి బావా."

"నేను కట్టేవాణ్ణిరా, పీకేవాణ్ణి కాదు. అయినా పట్టు తప్పిన పళ్ళు కదా, రేపోమాపో అవే ఊడొస్తాయిలే."

అవి ఊడి రాలేదు. పట్టకారుతో లాగాడు, రాలేదు. నూనె పోశాడు, ఇంకాస్త నిగనిగలాడాయి. అక్క దగ్గరికొచ్చి, "బావకి చెప్పవే," అన్నాడు. "నీ స్నేహితుల ముందు అన్నమాట అదే స్నేహితుల ముందు వెనక్కి తీసుకో, చెప్తాను," అంది ఆవిడ. అతనిలోనూ ఆ ఇంటి మొండితనమే ఉంది, తీసుకోనన్నాడు. వెనక మరలు విప్పి, లోపలినుంచి రబ్బరు అంచు మడిచి తోస్తే రెండు నిమిషాల పని. ఆ సంగతి పళ్ళాయనకి తెలుసు. ఆయన్ని అడిగినవాడు లేడు.

రోజూ సాయంత్రం గోడ అవతల కార్లు దిండ్ల మీద పడుతుంటే, ఇవతల పళ్ళాయన పని ఆపి మరీ వినేవాడు. ఆ వారం ఆయనకి ఆకలి బాగా వేసిందని భార్య చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది: నోరు మూశాక తమ్ముడి పెట్టెలో పాటలు భలే పలుకుతున్నాయట. అది మాత్రం ఆయనకి అంతగా రుచించలేదు.

చివరికి బావమరిది తాడో పేడో తేల్చుకుందామనుకున్నాడు. తాడే తెచ్చాడు. చిగుళ్ళ మధ్యలో డ్రిల్లుతో కొక్కెం బిగించి, దానికి తాడు ముడేసి, తాడు రెండో కొస గుమ్మంలోంచి వీధిలోకి లాక్కెళ్ళి డ్రైవింగ్ స్కూలు కారుకి కట్టాడు. పెట్టెని పట్టుకోవడానికి స్నేహితులిద్దర్ని కూర్చోబెట్టాడు. స్టీరింగు దగ్గర, ఆ వారమే చేరిన ఒక బ్యాంకు ఉద్యోగిని. "మెల్లగా కదిలించండి మేడమ్, అంగుళం చాలు," అని తను పక్క సీట్లో కూర్చున్నాడు.

మేడమ్ గారికి అంగుళాలింకా నేర్పలేదు. కారు ఒక్క ఉరుకు ఉరికింది. పెట్టెని పట్టుకున్నవాళ్ళిద్దరూ పెట్టె మీదకెక్కి, హాలు దాటి, గుమ్మం దాటి, మెట్ల దగ్గర దిగిపోయారు. పెట్టె దిగలేదు. మెట్లు ఒక్కొక్కటే గుద్దుకుంటూ వీధిలో పడి, ఇకిలించుకుంటూ కారు వెనక పరుగెత్తింది. కుక్కలు ముందు దాన్ని తరిమాయి, దాని మొహం చూశాక దారిచ్చాయి. పాలవాడు సైకిలు దిగి నమస్కారం పెట్టాడని కూడా అంటారు. బావమరిది తన బ్రేకు తొక్కి తొక్కి, పెద్ద టీచరమ్మ ఇంటి ముందు కారు ఆపగలిగాడు.

వీధంతా బయటికొచ్చింది. టీచరమ్మ కొత్త సెట్టు పెట్టుకుని గేటు తీసుకుని వచ్చింది. పెట్టె మూలలు విరిగాయి, ఒక పక్క చెక్క లేచిపోయింది. పళ్ళు మాత్రం వరస చెదరకుండా అలాగే ఉన్నాయి.

టీచరమ్మ వంగి చూసింది. "ఏమయ్యా, ఊడలేదే," అంది, అక్షరం అక్షరం స్పష్టంగా. ఆవిడ దగ్గర ఎక్కాలు తప్పి గోడకుర్చీ వేసినవాళ్ళలో బావమరిది కూడా ఒకడు.

"లేదు టీచర్."

"ఏది లేదు? పూర్తిగా చెప్పు."

బావమరిది చుట్టూ చూశాడు. స్నేహితులున్నారు, పాలవాడున్నాడు, మెట్ల దగ్గర మోకాళ్ళు రుద్దుకుంటున్నవాళ్ళున్నారు. ఎదురుగా చేతులు కట్టుకుని బావ ఉన్నాడు.

"మా బావ పళ్ళు పట్టు తప్పలేదు," అన్నాడు.

"ఏంటీ?" అన్నాడు పళ్ళాయన, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. "ఉరుముల పక్కన కాపురముండి చెవులు దెబ్బతిన్నాయిరా. కాస్త గట్టిగా."

బావమరిది గట్టిగా చెప్పాడు. వీధి చివర పోస్టుమాను కూడా విన్నాడు.

అప్పుడు పళ్ళాయన వంగి, రబ్బరు అంచులో ఒకచోట చిటికెనవేలు గోరు దూర్చాడు. అక్కడ ఒక చిన్న గాటు ఉంది, చేసినవాడికే తెలుసు. సన్నగా గాలి లోపలికి పోయిన చప్పుడైంది. మూత తనంతట తానే చేతిలోకొచ్చింది. తాడు విప్పేసి, దాన్ని చొక్కాకి తుడుచుకుని జేబులో వేసుకున్నాడు.

వేరే ఊరు వెళ్ళిన అచ్చులు ఆ నెలలోనే తిరిగొచ్చాయి. ఉరుముల పెట్టెని బావమరిది మరమ్మతు చేయించాడు గాని దానికిక మునుపటి గొంతు రాలేదు. కార్లు పడితే దగ్గు వచ్చేది. సందుపళ్ళ మూత పళ్ళాయన అరలో, అన్నిటికంటే ముందు వరసలో చేరింది. డాక్టర్లు వస్తే అదే ముందు చూపించేవాడు.

పెట్టె వీధిలో పడ్డ తర్వాతి ఆదివారం సాయంత్రం భార్య తన పాట వింది. స్పాంజి మూత బిగించిన కొత్త పెట్టెలో తీగ మెల్లగా అడుగులేసుకుంటూ నడిచింది. గోడ అవతల ఏ చప్పుడూ లేదు. పాట అయిపోయాక ఆవిడ మిషను దగ్గరికి వెళ్ళబోతూ గోడ వైపు చూసి ఆగింది. మూలన గోడ మీద చెక్క అర లేదు. మేకుల కన్నాలు మాత్రం ఉన్నాయి. అర అంతా, పళ్ళతో సహా, ఎదుటి గోడకి మారింది. కింద, సరిగ్గా ఆ మూలన, కొత్త పెట్టె కూర్చుని ఉంది.

"మాట వెనక్కి తీసుకున్నాడుగా," అంది ఆవిడ.

"తీసుకున్నాడు. అది నాకు. టీచరమ్మకి సన్మానం రోజు నోరు లేకుండా చేశాడే, అది అలాగే ఉంది. నీ పాట ఇన్నాళ్ళు వినపడనివ్వలేదు, అదీ ఉంది," అంటూ పళ్ళాయన మోకాళ్ళ మీద కూర్చుని స్పాంజి మూత లాగేశాడు. "వాడు కుర్చీలో ఉన్నాడా?"

ఆవిడ గోడకి చెవి ఆనించింది. కాసేపు విన్నాక, తలూపింది.

"టీ తాగుతున్నాడు," అంది.

పళ్ళాయన సినిమా పెట్టాడు. కార్లున్నదే.